పార్టీ లైన్లో ఉన్నారు

14 మార్చి 1982, ఆదివారం

పద్మావతి నవ్వింది.

డ్యూటీ నుంచి వస్తూనే, చెప్పులు విప్పుతూ, గుమ్మంలోనే. మా పోలిరాజు కామెర్లతో పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నా కోడలు నవ్వడం నేను చూడలేదు. చిరునవ్వు అప్పుడప్పుడూ పెడుతుంది. పక్కింటి షంషాద్ బేగం సేమ్యా పంపినప్పుడు, రేషను షాపువాడు పంచదార లేదనకుండా ఇచ్చినప్పుడు. అది మర్యాద. ఇది నవ్వు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. మనవరాలు నూకరత్నం లెక్కలు చేస్తున్నదల్లా పెన్సిల్ వదిలేసి తల్లిని చూసింది, పోయిన కరెంటు వస్తే బల్బుని చూసినట్టు.

సంగతి ఇది. పద్మావతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పై ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంకు ఆపరేటరు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట సర్వేయరు ఒకాయన ప్రతి ఆదివారం ఎలమంచిలికి కాల్ బుక్ చేస్తాడు. అక్కడ ఆయన తల్లి ఇంట్లో ఫోను లేదు, పక్కనున్న రైసు మిల్లులో ఉంది. మిల్లువాళ్ళు ఆవిడని పిలుచుకొస్తారు. ఆవిడకి చెవుడు. పైగా మిల్లు ఆడుతూంటుంది. లైను బాగుండనప్పుడు ఆపరేటరు మధ్యలో దూరి, ఈయన మాట ఆవిడకీ, ఆవిడ మాట ఈయనకీ తిరిగి చెప్పాలి. డ్యూటీలో భాగమే. ఇవాళ ఆవిడ, పెళ్ళి సేసుకోరా నాయినా, ఒంటిగా ఎన్నాళ్ళుంటావు, అందట. ఆయనకి వినపడలేదు. పద్మావతి గొంతు సవరించుకుని, పెళ్ళి చేసుకోమంటన్నారు సార్, అని చెప్పాల్సొచ్చింది. ఆయన, చూద్దామని చెప్పండి, అన్నాడట. చూద్దామంటన్నారమ్మా, అంది. ఎప్పుడు సూత్తాడట, నాను సచ్చినాకా, అందావిడ. చచ్చాకా అని అడుగుతున్నారు సార్. స్విచ్‌బోర్డు ముందున్న అమ్మాయిలందరూ సొంత కాల్స్ ఆపుకుని విన్నారట.

నేను నవ్వలేదు. హెడ్మిస్ట్రెస్‌లుగా రిటైరైన వాళ్ళకి నవ్వు ఆలస్యంగా వస్తుంది. వంటింట్లోకి వెళ్ళాక వచ్చింది.

ఈ డైరీ ఎరువుల కంపెనీవాళ్ళది. ప్రతి పేజీ అడుగునా ఏ పంటకి ఏ నెలలో ఏ మందు కొట్టాలో ఉంది. మనుషుల సంగతి వాళ్ళకీ తెలిసినట్టు లేదు.

21 మార్చి, ఆదివారం

ముసలావిడ పేరు గంగాలమ్మ. సర్వేయరు పేరు నీలకంఠం. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఇవేవీ నేను అడగలేదు.

గంగాలమ్మ ఇవాళ కొడుకుని వదిలేసి ఆపరేటరుని పట్టుకుందట. నీ పేరేటమ్మా, మిల్లు రొదలో కూడా నీ గొంతొక్కటే నాకు ఇనబడతాది, అందట. ఆపరేటర్లు పేర్లు చెప్పకూడదు, రూల్సు. పద్మావతి చెప్పలేదు. చెప్పలేదని నాకు రెండుసార్లు చెప్పింది.

4 ఏప్రిల్, ఆదివారం

ఆదివారం డ్యూటీ అంటే ఎక్స్ఛేంజిలో ఎవరికీ గిట్టదు. మా కోడలు అడిగి వేయించుకుంటోంది.

17 ఏప్రిల్, శనివారం. మధ్యాహ్నం 3

పద్మావతి అద్దె లైబ్రరీ నుంచి వారం వారం నవలలు తెస్తుంది. తను డ్యూటీకి వెళ్ళాక నేను భూతద్దం పెట్టుకుని చదువుతాను. ఇది ఇద్దరికీ తెలుసు. ఇద్దరం తెలియనట్టుంటాం.

అన్నీ ఒకటే కథ. ఒకడుంటాడు. ఆరడుగులు, పడవంత కారు, మనసు విరిగి ఎవరితోనూ మాట్లాడడు. ఒకతె ఉంటుంది. తెల్లచీర, ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. సగం పుస్తకం దాకా ఇద్దరూ ఒకర్నొకరు తప్పించుకు తిరుగుతారు. అప్పుడు వాన పడుతుంది. వానలో ఇద్దరికీ జ్ఞానోదయం. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ వానలో తడిసి బడికొచ్చిన పిల్లల్ని చూశాను. జలుబు తప్ప ఇంకేం రావడం చూడలేదు.

అయినా ఆఖరి పేజీ దాకా చదువుతాను. ఎందుకంటే ఏం చెప్పను.

మా ఆయన పోయేనాటికి నాకు ముప్ఫై నిండలేదు. మా తాతల నాడు మా వాళ్ళలో మారుమనువు మామూలే. మొగుడు పోయిన పిల్లకి మళ్ళీ ఒకడు చీర పెట్టి, మెడలో పూసలు కట్టి తీసుకుపోయేవాడు. మా నాన్న చదువుకున్నాడు. పట్నంలో పెద్ద కులాల ఇళ్ళు చూశాడు. మారుమనువు నామోషీ అని మా ఇంట్లో మానేయించాడు. సంస్కారమంటే అదేననుకున్నాడు. ఆ సంస్కారం పుణ్యమా అని నేను బి.ఎ., బి.ఇడి. చదివాను. ఒంటరిగా బతకడం కూడా అప్పుడే చదివాను. దానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

9 మే, ఆదివారం

చాంద్ సుల్తానా వచ్చింది. పద్మావతితో పాటు ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది. స్కూల్లో నా దగ్గరే చదివింది. వ్యాకరణంలో ఎప్పుడూ తప్పేది, కబుర్లలో ఎప్పుడూ ఫస్టు. పద్మావతి పూర్ణా మార్కెట్‌కి కూరలకి వెళ్ళడం చూసి మరీ వచ్చింది.

టీచరుగారూ, ఇది విన్నారా, అని మొదలుపెట్టింది. ట్రంకు కాల్‌కి మూడు నిమిషాలు. అయిపోగానే, త్రీ మినిట్స్ సార్, ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా, అని అడగాలి. ఇవాళ గంగాలమ్మ మాట్లాడేసి వెళ్ళిపోయాక పద్మావతి అలాగే అడిగిందట. ఆయన చెయ్యండి అన్నాడట. ఎవరితో సార్, ఆవిడ ఎల్లిపోయారు కదా, అంది. ఊరికే చెయ్యండి, అన్నాడట. చేసింది. మూడు నిమిషాలూ ఇద్దరూ నోరు మెదపలేదట. అల్లా కసం టీచరుగారూ, ఊపిరి తప్ప ఇంకేటీ లేదు లైన్లో, అంది.

నువ్వెందుకు విన్నావే అన్నాను. సిగ్గుపడాల్సింది పోయి, మీరైతే వినరేటి, అంది.

డబ్బిచ్చి మౌనం కొన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నా క్లాసుల్లో ఊరికే దొరికేది.

13 జూన్, ఆదివారం

పద్మావతికి జ్వరం. పది రోజులుగా డ్యూటీకి వెళ్ళలేదు.

పొద్దున్న తలుపు కొట్టారు. తీస్తే ఒక మనిషి. పొట్టి, నలుపు, బట్టతల మొదలు. ప్యాంటు అంచులకి ఎర్రమట్టి. చేతిలో బత్తాయిల సంచి. ఆరడుగులు లేడు, కారు లేదు. సిటీ బస్సు దిగి నడిచొచ్చాడు. ఎక్స్ఛేంజిలో అడ్రసు అడిగి తెలుసుకున్నాడట. ఎవరిచ్చారో నేను ఊహించగలను.

మా అమ్మ వేరే ఆపరేటరుతో మాట్లాడనంటోందండి, అన్నాడు. ఆ గొంతు ఏమైందో కనుక్కు రమ్మంది, అందుకొచ్చాను, అన్నాడు. నేల చూపులు చూస్తూ.

కూర్చోపెట్టి ప్రశ్నలడిగాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన వాళ్ళు కూడా నన్నలా అడగలేదు. ఇన్నాళ్ళూ పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అన్నాను. అలవాటైపోయిందండి, అన్నాడు. ఏం అలవాటు? అన్నం తింటూ పేపరు చదువుకోవడం అండి. జోకు కాదు. నిజంగానే చెప్పాడు.

పద్మావతి లోపల్నుంచి వచ్చింది, దుప్పటి కప్పుకుని. మూడు నెలలుగా మాట్లాడుకుంటున్నారు, మొహాలు చూసుకోవడం ఇదే. అతను లేచి నమస్కారం అన్నాడు. ఈవిడ అలవాటు కొద్దీ, చెప్పండి సార్, అంది. నూకరత్నం పడీ పడీ నవ్వింది. దానికి పన్నెండేళ్ళు, ఏ నవ్వు ఎక్కడ నవ్వాలో తెలియదు.

ఒకటి చూశాను. అతను కూర్చున్న కుర్చీకి వెనక గోడ మీద పోలిరాజు ఫొటో ఉంది. తెలిశాక కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకున్నాడు, ఫొటోకి వీపు పెట్టకుండా. ఎవరూ చూడలేదనుకున్నాడు.

నేను చూడకుండా ఉంటే బాగుండేది. మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఇంక ఏం మిగిలింది?

27 జూన్, ఆదివారం

వాన పడింది. నీలకంఠం తడిసి వచ్చాడు. ఎవరికీ జ్ఞానోదయం కాలేదు. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను. ఇచ్చాక చూసుకున్నాను, పోలిరాజుది.

18 జూలై, ఆదివారం. సాయంత్రం

గంగాలమ్మ దిగింది. ఎలమంచిలి నుంచి పాసింజరులో, ఒక పనసపండుతో. ఆ పండుకీ ఆవిడకీ ఎత్తులో పెద్ద తేడా లేదు.

చెవుడు కాబట్టి తను అరుస్తుంది, మనమూ అరవాలి. ఈ వీధి గోడలు పల్చన. మా ఇంట్లో ఇవాళ జరిగిన రహస్య సంప్రదింపులు పూర్ణా మార్కెట్ దాకా వినపడి ఉంటాయి. షంషాద్ బేగం మేడ మీద ఆరేసిన బట్టలు గంటసేపు తీసింది.

పీటమీద కూర్చుని, వదినా, అని మొదలుపెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. పెళ్ళికూతురి తల్లిని పెళ్ళికొడుకు తల్లి వదినా అంటుంది. నేను తల్లిని కాను, అత్తని. అదే అరిచి చెప్పాను. అలగైతే ఏటి వదినా, నీ ఇంట్లోంచే కదా మా ఇంటికొత్తాది, అంది.

తరవాత నా చెయ్యి పట్టుకుంది. గుంట మీదే వదినా, అంది. మీ కొడుకు రత్తం. మీ ఇంటి పిల్లని మాం పట్టుకుపోం, ఆ పాపం మాకొద్దు. కోడల్ని మాత్రం మాకు ఒగ్గీండి సాలు, అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మారుమనువులో పద్ధతి అంతే. పిల్లలు తండ్రి ఇంటికే చెందుతారు. తల్లి వెళుతుంది, పిల్లలు ఉంటారు. ఆవిడ మర్యాద కొద్దీ చెప్పింది. నాకు నష్టం రాకుండా చూస్తోంది.

నా గుండెలోంచి రాయి దిగిపోయింది. పోలిరాజు పోయాక నాకున్నవి ఈ రెండు ప్రాణాలు. రెండూ పోతాయని రోజుల తరబడి నిద్ర లేదు, ఆ మాట ఇక్కడ కూడా రాసుకోలేదు. ఒకటి ఉంటుందట. అలాగే వదినా, అని అరిచాను. మరోసారి కూడా అరిచాను, ఆవిడకి వినపడలేదేమోనని.

పద్మావతి పక్కనే కూర్చుని, చేతులకి నూనె రాసుకుని పనసతొనలు తీస్తోంది. తలెత్తలేదు. సిగ్గనుకున్నాను.

25 జూలై, ఆదివారం

పద్మావతి ఆదివారం డ్యూటీ మార్పించేసుకుంది. ఇంట్లోనే ఉంది. ఉన్న బట్టలన్నీ ఉతికింది, ఉతికినవి కూడా.

నాకిష్టం లేదత్తయ్యా, ఇంక ఆ మాట ఎత్తకండి, అంది. ఎందుకే అన్నాను. ఎందుకూ లేదు, ఇష్టం లేదంతే, అంది. అలా అంటున్నప్పుడు గొంతు ఎక్స్ఛేంజి గొంతు. లైన్ ఎంగేజ్డ్ సార్, అని చెప్పే గొంతు.

1 ఆగస్టు, ఆదివారం

మా పోలిరాజుని మర్చిపోలేకే వద్దంది. ఇంకేముంటుంది? నాకు గర్వంగా ఉంది.

పై వాక్యం రాసి చదువుకున్నాను. అసహ్యంగా ఉంది. కొట్టెయ్యను, ఉండనీ.

22 ఆగస్టు, ఆదివారం

నీలకంఠం వచ్చాడు. పద్మావతి గదిలోంచి రాలేదు. తలుపు వేసుకోలేదు, దగ్గరగా మాత్రం వేసింది. నేను కాఫీ ఇచ్చాను. తాగాడు. నూకరత్నం జామెట్రీ బాక్సు తెచ్చి కోణమాని గురించి ఏదో అడిగితే ఓపిగ్గా చెప్పాడు. తలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ చూస్తే తెలుస్తోంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పాడు. ఉత్తరాదిన వేరే సైటుకి వేయమని అడిగాడట. దసరా అయ్యాక వెళ్ళిపోతాడు. అమ్మని అక్కడికి తీసుకుపోతావా అన్నాను. రానంటోందండి, అక్కడి ఆపరేటర్లకి తెలుగు రాదు కదా అని, అన్నాడు. మరి నీ సంగతి అన్నాను. నాదేముందండి, మళ్ళీ పేపరు తెప్పించుకుంటాను, అన్నాడు.

నాకు ఆ మనిషిని నాలుగు తిట్టాలనిపించింది. కాస్త గట్టిగా అడగవయ్యా, తలుపు తొయ్యవయ్యా, అని. నవలల్లో వాడైతే తోసేవాడు. ఇతను చెప్పులు వేసుకుని, వస్తానండి, అని చెప్పి వెళ్ళాడు. వీధి మలుపు దాకా చూశాను. లోపల పద్మావతి కూడా కిటికీలోంచి చూస్తోందని నాకు తెలుసు. ఇద్దరం చెరో కంత లోంచి ఒకడి వీపునే చూశాం. ఏం చెయ్యగలం?

9 సెప్టెంబరు, గురువారం. సాయంత్రం 5

ఇది రాసుకోవాలి.

నూకరత్నానికి జడ వేస్తున్నాను. నాన్నమ్మా, ఒకటడగనా, అంది. అడుగు అన్నాను. అమ్మ పెళ్ళి సేసుకుంటే నన్ను నీ కాడే ఒగ్గీసి పోవాలటగదా, గంగాలమ్మగారితో నువ్వే ఒప్పేసుకున్నావుగదా, అంది. ఎవరు చెప్పారే? నాను ఇన్నాను, నువ్వు అరిచినావు కదా, అలాగే అలాగే అని. ఆ రోజు రాత్రి అమ్మ నన్ను పట్టుకుని ఏడిసింది. నిన్ను ఒగ్గి ఎక్కడికీ ఎల్లనే, నువ్వు బెంగెట్టుకోకు, నాన్నమ్మకి సెప్పకు, పాపం బాధపడతాది, అంది.

పాపం. నాన్నమ్మ. బాధపడతాది.

జడ సగంలో వదిలేశాను. అది తిరిగి చూసి, రిబ్బను కట్టవేటి, అంది.

ఆరేళ్ళుగా నేనూ పద్మావతీ ఒక ఇంట్లో ఉంటున్నాం. ఒకరి చదువు ఒకరం దొంగతనంగా చదువుతున్నాం. దాని మనసు నాకు పుస్తకంలా తెలుసనుకున్నాను. నా కొడుకు మీద ప్రేమ అనుకుని గర్వపడ్డాను. అది కన్నబిడ్డని నాకు వదిలెయ్యలేక, నా దగ్గర్నుంచి లాక్కోనూ లేక, మధ్యలో నిలబడిపోయింది. రెండు ముసలి ప్రాణాలు ఒకరి మీద ఒకరు మర్యాద ఒలకబోసుకుని, మూడో మనిషి పీక నొక్కాం. ఆ మూడో మనిషి అప్పుడు మాకు తినడానికి తొనలు తీస్తోంది.

పోనీ ఇప్పుడేం చెయ్యాలి? పిల్లని తీసుకుపోవే, అని చెప్పాలి. రెండు మాటలు. తీసుకుపోతే నాకేం ఉంటుంది? దానికి సమాధానం ఏ సబ్జెక్టులోనూ లేదు.

10 సెప్టెంబరు, శుక్రవారం

చెప్పలేదు.

14 సెప్టెంబరు, మంగళవారం

పద్మావతి అన్నం వడ్డిస్తున్నప్పుడు చెబుదామని నోరు తెరిచాను. పులుసులో ఉప్పు లేదు అన్నాను. ఉంది.

20 సెప్టెంబరు, సోమవారం. మధ్యాహ్నం 1

పోస్టాఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను. చీర కూడా మార్చుకోలేదు.

ఎలమంచిలి రైసు మిల్లుకి అర్జెంటు కాల్ బుక్ చేశాను. గంగాలమ్మని పిలవాలని. పద్మావతి డ్యూటీలో ఉందో లేదో నాకు తెలియదు, అని రాద్దామనుకున్నాను. డైరీలో కూడా అబద్ధమెందుకు? తెలుసు. డ్యూటీ చూసుకునే వెళ్ళాను. మొహం చూసి చెప్పలేని మాట తీగ మీదైనా చెప్పగలనేమోనని.

బెంచీ మీద కూర్చోపెట్టారు. చాలాసేపటికి పిలిచారు. చెక్క గదిలోకి వెళ్ళి రిసీవరు ఎత్తాను. ఎలమంచిలి పార్టీ లైన్లో ఉన్నారు, మాట్లాడండి, అంది. నా కోడలే. నా గొంతు వినగానే ఊపిరి ఆగింది. కానీ రూల్సు.

గంగాలమ్మ ఎవులూ ఎవులూ అని అరుస్తోంది. వెనక మిల్లు. నేను, వదినా, నేను రామలక్ష్మమ్మని, అని అరిచాను. ఎవులూ? మళ్ళీ అరిచాను. ఎవులూ? పోస్టాఫీసంతా నన్నే చూస్తోంది.

అప్పుడు పద్మావతి మధ్యలోకి వచ్చింది. చెప్పండి, నేను చెప్తాను, అంది. ఆ గొంతు సముద్రం ఒడ్డున రాయిలా ఉంది.

పిల్ల తల్లితోనే వెళుతుందని చెప్పు, అన్నాను.

లైన్లో కరకర. మిల్లు. ఇంకేమీ లేదు. ఆపరేటరు చెప్పడం లేదు. తెగిందేమోనని హలో అన్నాను. ఉన్నాను, అంది. మళ్ళీ అన్నాను. ఆ రోజు తెలీక అలాగే అన్నాను. పద్ధతి పద్ధతే, పిల్ల పిల్లే. నూకరత్నం తల్లితో వెళుతుంది. నా మాటగా చెప్పు.

చెప్పింది. పాప తల్లితోనే వత్తాదట అమ్మా, అంది. ఎవులు సెప్పినారు, అని అరిచింది గంగాలమ్మ. ఇలాంటప్పుడు ఆపరేటర్లు, పార్టీ చెప్తన్నారమ్మా, అనాలి. మా అత్తగారు చెప్తన్నారమ్మా, అంది.

గంగాలమ్మ ఈసారి వెంటనే అర్థం చేసుకుంది. ఏదో అంది, నాకు సరిగ్గా వినపడలేదు. పద్మావతి ఆ మాట నాకు చెప్పింది. మరి అప్పుడు మీకెవరుంటారని అడుగుతున్నారు, అంది.

మూడు నిమిషాలయిపోయాయి, పెట్టెయ్యమను, అన్నాను.

21 సెప్టెంబరు, మంగళవారం

నిన్న పద్మావతి డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, ఈసారి ఆర్డినరీ కాల్ బుక్ చెయ్యండత్తయ్యా, అర్జెంటు దండగ, అంది. అంతే.

ఇవాళ మధ్యాహ్నం నా మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. ఆ గదిలో ఉక్కగా ఉందంది. ఫ్యాను ఉన్నది ఆ గదిలోనే. కాసేపటికి నా చీర కొంగు దాని చేతిలో ఉంది. లాక్కోలేదు.

3 అక్టోబరు, ఆదివారం

చాంద్ సుల్తానా పరుగెత్తుకొచ్చింది. ఇవాళ పద్మావతి మళ్ళీ ఆదివారం డ్యూటీ వేయించుకుందట. గంగాలమ్మ లైన్లోకి వచ్చి, గుంట కూడా మనింటికే వత్తాది, దానికి ఏరే మంచం సేయించమని మావోడికి సెప్పు, అందట. పద్మావతి ఆ మాట నీలకంఠానికి చెప్పింది. పాపకి మంచం చేయించమంటన్నారు సార్.

ఆయన మాట్లాడలేదట. ఎంతసేపు అని అడిగితే చాంద్ సుల్తానా గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆఖరికి, టేకుదా, మామిడిదా, పాపనే అడిగి చెప్పండి, అన్నాడట. పద్మావతి, టేకుది సార్, అందట. పాపని అడక్కుండానే.

నవలల్లో ఇంతకంటే మంచి సీన్ నేను చదవలేదు. అందులో నేను లేను. ఉండాల్సిన అవసరమూ లేదు.

ఉత్తరాది సైటుకి వెళ్ళనని రాసిచ్చాడట. గాజువాకలోనే ఇల్లు చూస్తున్నాడు.

19 నవంబరు, శుక్రవారం

రిజిస్ట్రారు ఆఫీసులో అయిపోయింది.

గంగాలమ్మ ముందురోజే వచ్చి గొడవ పెట్టింది. మారుమనువు సీకట్లో సెయ్యాల వదినా, ఎనక గుమ్మంలోంచి తీసుకుపోవాల, పాత ఇంటోళ్ళు సూడకూడదు, అంది. పది గంటలకి, ఎండలో, ముందు గుమ్మంలోంచి వెళుతుంది, నేను నిలబడి చూస్తాను, అని అరిచాను. ఈసారి వీధి వినాలనే అరిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీ ఇట్టం తల్లీ, నువ్వు సదువుకున్నావు, అంది. తరవాత మెల్లిగా, అంటే తన లెక్కలో మెల్లిగా, ఇంకో రివాజు చెప్పింది. పాత అత్తగారు కొత్త గడప తొక్కకూడదట. ఏటి సేత్తాం వదినా, మన పెద్దోళ్ళు పెట్టినారు, అంది. ఆవిడే ఏడ్చింది. నేను ఓదార్చాను.

పది గంటలకి ఆటో వచ్చింది. పద్మావతి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆలస్యమవుతోంది అన్నాను. తలమీద చెయ్యి పెట్టాలనుకున్నాను, చెయ్యి లేచింది, దాని చెవి వెనకున్న పువ్వు సర్ది దిగింది.

నూకరత్నం, నాన్న ఫొటో నాను పట్టుకుపోనా, అంది. వద్దు, అది నాది, అన్నాను. మొత్తం వ్యవహారంలో ఆ ఒక్కచోటే గట్టిగా ఉన్నాను.

24 నవంబరు, బుధవారం

షంషాద్ బేగం సేమ్యా పంపింది. చిరునవ్వు పెట్టాను.

1 డిసెంబరు, బుధవారం

నీలకంఠం ఒక్కడే వచ్చాడు, డ్యూటీ నుంచి నేరుగా. ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. ఆవిడ నోరు తెరిచి అడగదు, పాప రోజూ అడుగుతోంది, అన్నాడు.

మీ అమ్మ రివాజు చెప్పిందిగా, గడప తొక్కకూడదని, అన్నాను. అమ్మకి చెవుడండీ, మీరొచ్చినట్టు వినపడదు, అన్నాడు. ఈ మనిషి జోకు వెయ్యడం ఇదే మొదటిసారి. వేసి తనే కంగారు పడ్డాడు.

సరే, ఏ వరసన రమ్మంటావయ్యా, అన్నాను. నీ పెళ్ళానికి నేనేమవుతాను? నీకేమవుతాను? తెలుగు వ్యాకరణం చెప్పి బతికినదాన్ని, నాకు తెలిసిన వరసల్లో ఇది లేదు. కటువుగానే అడిగాను. వెళ్ళిపోతాడనుకున్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. కొలత తీసేటప్పుడు కూడా ఇలాగే ఆలోచిస్తాడు కాబోలు. ఆఖరికి, గాజువాక బస్సు కురుపాం మార్కెట్ దగ్గర ఆగుతుందండి, పొద్దున్నయితే సీటు దొరుకుతుంది, అన్నాడు.

5 డిసెంబరు, ఆదివారం. బస్సులో

అక్షరాలు ఎగురుతున్నాయి, ఏం చెయ్యను. గాజువాక ఒకటి, అన్నాను. ఎవరింటికి, ఏ వరసన అని కండక్టరు అడగలేదు. టిక్కెట్టు చించి చేతిలో పెట్టాడు. పక్కన ఇంకో మనిషికి సోటియ్యండి మామ్మా, కాస్త జరగండి, అన్నాడు.

జరిగాను.